సోలో నాటకం వేసేవాళ్లు ఊళ్లెందుకు తిరుగుతారు? ఖర్చులెలా వెళ్తాయి?

 

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అక్కా, మీరు ఒక్కరే నాటకం వేస్తారు, ఎప్పుడు చూసినా ఏదో ఊళ్లో ఉంటారు. ఒకసారి వరంగల్, ఒకసారి బెంగళూరు, ఒకసారి కేరళ. టికెట్ డబ్బులు ఎవరిస్తారు? లాభం ఉంటుందా? నాకూ చెయ్యాలని ఉంది, ఇంట్లో ఏం చెప్పాలి?" అని. దానికింద ఇంకో పాతికమంది "మాక్కూడా చెప్పండి" అన్నారు. ఇవ్వాళ అదే మాట్లాడుకుందాం. లెక్కలతో సహా చెప్తాను, ఏదీ దాచను.

ముందు ఒక మాట క్లియర్ చేసుకుందాం. ఇండిపెండెంట్ అంటే ఏంటి? జీతమిచ్చే కంపెనీ లేదు, వెనక సంస్థ లేదు, గవర్నమెంటు రెపర్టరీలో ఉద్యోగం లేదు. నాటకం నేనే తయారు చేసుకోవాలి, హాలు నేనే మాట్లాడుకోవాలి, పోస్టర్ నేనే చేయించుకోవాలి, వేషం నేనే వెయ్యాలి. అయిపోయాక కుర్చీలు సర్దడం కూడా నేనే. సోలో అంటే స్టేజీ మీద ఒక్కరే. మన తెలుగువాళ్లకి ఇది కొత్తేం కాదు. స్కూల్ యానివర్సరీలో దుర్యోధనుడి ఏకపాత్రాభినయం చూడనివాళ్లు మనలో తక్కువ. హరికథ అయితే ఇంకా పెద్ద ఉదాహరణ. పక్క వాద్యాలవాళ్లు ఉంటారు గానీ కథ మొత్తం మోసేది ఒక్క మనిషే. ఆదిభట్ల నారాయణదాసు గారు చేసింది అదే కదా. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు, ఆ ఒక్క గొంతులోనే పాత్రలన్నీ.

సరే, మరి తిరగడం ఎందుకు? ఉన్న ఊళ్లోనే వేసుకోవచ్చు కదా?

ఉన్న ఊళ్లో ప్రేక్షకులు అయిపోతారు

ఇది చాలామందికి తెలియని విషయం. హైదరాబాద్ పెద్ద సిటీయే. కానీ చిన్న హాల్లో, పేరు తెలియని మనిషి వేసే గంటంపావు సోలో నాటకం చూడటానికి డబ్బు పెట్టి వచ్చేవాళ్లు ఎంతమంది? మొదటి షోకి ఫ్రెండ్స్ వస్తారు. రెండో షోకి ఫ్రెండ్స్ ఫ్రెండ్స్ వస్తారు. మూడో షోకి మొదటి షో చూసి నచ్చినవాళ్లు ఇంకొకర్ని వెంటబెట్టుకొస్తారు. అయిదో షోకి సగం కుర్చీలు ఖాళీ. నాటకం బాగోలేక కాదు. ఆ ఊళ్లో దాన్ని చూసే మనుషులు ప్రస్తుతానికి అయిపోయారు, అంతే. సినిమాకైతే అదే ప్రింటు ఒకేరోజు వెయ్యి ఊళ్లలో పడుతుంది. నాటకానికి ప్రింటు లేదు. ప్రింటు అంటే నా ఒళ్లే. అది ఎక్కడుంటే నాటకం అక్కడే ఉంటుంది. అందుకే దాన్ని బస్సెక్కించాలి.

రెండో కారణం ఇంకా ముఖ్యం. నాటకం మొదటి షోకి తయారవ్వదు. పదో షో, పదిహేనో షో దగ్గర దానికి ఒక రూపం వస్తుంది. ఎక్కడ జనం నవ్వుతున్నారు, ఎక్కడ ఫోను తీస్తున్నారు, ఏ మాట దగ్గర ఊపిరి బిగపడుతున్నారు, ఇవన్నీ ప్రేక్షకుల ముందు తప్ప రిహార్సల్ గదిలో తెలియవు. నెలల తరబడి రిహార్సల్ చేసి, రెండు షోలు వేసి అటకెక్కించేసిన నాటకాలు మన దగ్గర చాలా ఉన్నాయి. పచ్చిగానే పోయాయి పాపం. నన్నడిగితే మన ఇండిపెండెంట్ థియేటర్‌కి పెద్ద జబ్బు అదే. దానికి ఉన్న ఒకే ఒక్క మందు ప్రయాణం.

ఇంకోటి, మన వాళ్లు ఊరికే అన్లేదు, పొరుగింటి పుల్లకూర రుచి అని. సొంతూళ్లో నన్ను చూసేవాళ్లకి నేను "ఫలానావాళ్ల అమ్మాయి". పక్క ఊళ్లో నేను ఎవరో తెలీదు. లైటు వెలగగానే వాళ్లకి కనిపించేది పాత్రే.

ఇది మనకి కొత్త కాదు

కొంచెం వెనక్కి వెళ్దాం. 1880లో ధార్వాడ నుంచి ఒక నాటక సమాజం రాజమండ్రి వచ్చింది. పాక వేసుకున్నారు, నాటకాలు ఆడారు, వెళ్లిపోయారు. పాక మిగిలింది. ఆ పాకలోనే కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులతో తెలుగు నాటకం వేయించారు. ఇప్పుడు ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16ని మనం తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అంటే ఆధునిక తెలుగు నాటకం మొదలైన చోట కూడా ఎక్కడి నుంచో ఊరు మారి వచ్చిన ఒక ట్రూపు ఉంది. వాళ్లు వచ్చి ఆడకపోతే ఆ పాకే ఉండేది కాదు.

తర్వాత 1885. కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి ఆధ్వర్యంలో కీచకవధ వేశారు. అక్కడి నుంచి ఒక కుటుంబం మొత్తం నాటకమే వృత్తిగా పెట్టుకుని తరతరాలుగా ఊళ్లు తిరిగింది. సురభి నాటకాలంటే మీ తాతయ్య, అమ్మమ్మ వాళ్లని అడగండి, కళ్లు మెరుస్తాయి. తెరలు, సెట్లు, వంట గిన్నెలు, పిల్లాపాపలు అన్నీ వెంటే ఉండేవి.

ముంబై వైపు చూస్తే పృథ్వీరాజ్ కపూర్. 1944లో పృథ్వీ థియేటర్స్ అని ట్రూపు పెట్టి దేశమంతా తిరిగారు. అప్పటికే పెద్ద సినిమా స్టార్ ఆయన. అయినా షో అయిపోయాక గేటు దగ్గర జోలె పట్టుకుని నిలబడేవారని అందరూ చెప్పుకుంటారు. ఇవ్వాళ నేను షో చివర్లో క్యూఆర్ కోడ్ అట్టముక్క పట్టుకుని నిలబడితే కొంతమంది "అయ్యో" అన్నట్టు చూస్తారు. అయ్యో ఏం లేదండి, అది పెద్దవాళ్లు నడిచిన దారే.

సూట్‌కేసులో పట్టే నాటకం

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. తిరగాలంటే నాటకం తేలిగ్గా ఉండాలి. నేను కొత్త నాటకం అనుకున్నప్పుడు కథ కంటే ముందు వేసుకునే ప్రశ్న ఒకటుంది. ఇది ఒక సూట్‌కేసులో పడుతుందా?

బెంగాల్లో బాదల్ సర్కార్ గారని గొప్ప నాటకకర్త. 1970ల్లో స్టేజీ, తెర, సెట్టు అన్నీ వదిలేసి మామూలు గదుల్లో, పార్కుల్లో, పల్లెల్లో వెయ్యడం మొదలుపెట్టారు. దాన్ని మూడో థియేటర్ అన్నారు. నాటకం మోసుకెళ్లగలిగేలా ఉండాలి, చోటుని బట్టి మార్చుకోగలిగేలా ఉండాలి, ఖర్చు తక్కువుండాలి. ఆయన సూత్రాలు ఇవే. ఈ కాలంలో జ్యోతి డోగ్రా గారు బ్లాక్ హోల్ అని సోలో చేశారు. అంతరిక్షం, చావు, ఇంత పెద్ద విషయాలు. చేతిలో ఉన్న ముఖ్యమైన వస్తువు ఏంటో తెలుసా? ఒక తెల్ల దుప్పటి. దుప్పటి మడిస్తే సంచిలో పడుతుంది కదా.

నా సూట్‌కేసు చెప్తాను. రెండు జతల బట్టలు, ఒక చీర, ఒక ఇత్తడి చెంబు, చిన్న బ్లూటూత్ స్పీకర్, సౌండ్ ఫైళ్లు ఉన్న పెన్‌డ్రైవ్ రెండు కాపీలు, రెండు చిన్న ఎల్ఈడీ లైట్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, నల్ల గుడ్డ, గుండుసూదులు, టేపు. మొత్తం పధ్నాలుగు కిలోల లోపే. రైల్లో స్లీపర్‌లో మనిషికి 40 కిలోల వరకు ఫ్రీగా తీసుకెళ్లొచ్చు. కాబట్టి బరువుతో పేచీ రాదు. విమానంలో దేశంలోపల మామూలుగా 15 కిలోలే, దానికి కూడా సరిపోతుంది. కుర్చీ మాత్రం ఎప్పుడూ మోసుకెళ్లను. ఏ ఊళ్లోనైనా ఒక ప్లాస్టిక్ కుర్చీ దొరుకుతుంది. నా నాటకంలో కుర్చీ ప్లాస్టిక్‌ది కావడానికి కారణం అదే, ఇందులో పెద్ద సింబాలిజం ఏం లేదు.

ప్రయాణం గురించి ఇంకో మాట. ఒకప్పుడు రైల్వేలో కళాకారులకి టికెట్ మీద రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనా టైమ్‌లో చాలా రాయితీలతో పాటు అదీ ఆపేశారు. కాబట్టి "ఆర్టిస్టులకి రైలు చీప్ కదా" అని ఎవరన్నా అంటే ఆ పాత లెక్క నమ్మకండి. ఫుల్ టికెట్ వేసుకునే బడ్జెట్ చేసుకోండి.

పెద్ద ఫెస్టివల్స్: పేరు వస్తుంది, మరి డబ్బు?

తిరగడంలో రెండు రకాలున్నాయి. ఒకటి ఫెస్టివల్, రెండోది పక్క ఊరు. ముందు ఫెస్టివల్ సంగతి చూద్దాం.

మన దేశంలో పెద్దవి కొన్ని ఉన్నాయి. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా వాళ్లు 1999 నుంచి భారత్ రంగ్ మహోత్సవ్ చేస్తున్నారు. కేరళ సంగీత నాటక అకాడమీ వాళ్లు 2008లో త్రిశూర్‌లో అంతర్జాతీయ నాటకోత్సవం మొదలుపెట్టారు. మలయాళీలు అక్కడ టికెట్ల కోసం లైన్లో నిలబడతారు, చూస్తే మనకి కుళ్లు పుడుతుంది. ఢిల్లీలోనే మెటా అవార్డులని 2006 నుంచి ఉన్నాయి. దేశమంతా వచ్చిన ఎంట్రీల్లోంచి పది నాటకాలు ఎంచి అక్కడికి పిలిచి ఆడిస్తారు.

వీటికి వెళ్లేదెలా? మామూలుగా నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. నాటకం మొత్తం వీడియో అడుగుతారు, చాలాచోట్ల కట్ లేకుండా. స్క్రిప్టు, లైటింగ్ ప్లాను, టీమ్‌లో ఎంతమంది, ఎంత సామాను, ఎంతసేపు, ఇవన్నీ రాయాలి. కథ ఇంకొకరిదైతే పర్మిషన్ లెటర్ కూడా పెట్టాలి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు హక్కులు వారసులకి ఉంటాయి. గురజాడ 1915లోనే పోయారు కాబట్టి ఆయన కథకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చలం 1979లో పోయారు, ఆయన రచనలకి ఇంకా కావాలి. తెలిసినవాళ్ల కథే కదా అని నోటిమాట మీద వెళ్లిపోతే సెలెక్ట్ అయ్యాక ఇరుక్కుంటారు.

సెలెక్ట్ అయితే ఏం వస్తుంది? పిలిచే ఫెస్టివల్ అయితే మామూలుగా ప్రయాణం, బస, భోజనం, కొంత పారితోషికం ఇస్తారు. డబ్బు వెంటనే చేతికి రాకపోవచ్చు. ఒక చోట నాకు బిల్లు పాసవ్వడానికి ఏడు నెలలు పట్టింది. బస్ టికెట్ల ఒరిజినల్స్ కొరియర్ చెయ్యమన్నారు, ఆ సిరా అప్పటికే మాసిపోయింది. అందుకని ఇప్పుడు ప్రతి టికెట్‌నీ ఎక్కిన రోజే ఫొటో తీసి పెట్టుకుంటాను.

ఫెస్టివల్‌లో అసలు లాభం వేరే. అక్కడ మీ షో చూసేవాళ్లలో పదిమంది మీలాంటి ఆర్టిస్టులే ఉంటారు. పుణేలో చిన్న హాలు నడిపేవాళ్లు ఉంటారు, చెన్నైలో కాలేజీ ఫెస్ట్ చూసేవాళ్లు ఉంటారు. షో తర్వాత టీ దగ్గర ఇచ్చిపుచ్చుకున్న నంబర్లే ఆ తర్వాతి సంవత్సరం ప్రయాణాలు. కానీ గుర్తుపెట్టుకోండి, ఫెస్టివల్‌లో మీకు దొరికేది సాధారణంగా ఒకటో రెండో షోలు. ఏడాదికి ఒక పెద్ద ఫెస్టివల్ వచ్చినా రెండు షోలు. రెండు షోలతో నాటకం బతకదు, మనిషీ బతకడు.

విదేశాల సంగతి కూడా అడిగారు. ఎడిన్‌బరా ఫ్రింజ్ గురించి వినే ఉంటారు. 1947లో ఎడిన్‌బరాలో పెద్ద అంతర్జాతీయ ఉత్సవం మొదలైతే, పిలుపు లేకుండానే ఎనిమిది ట్రూపులు వెళ్లి వేరే చోట్ల నాటకాలు వేసేశాయి. అంచున జరిగాయి కాబట్టి ఫ్రింజ్ అని పేరు నిలిచిపోయింది. ఈరోజుకీ అక్కడ సెలెక్షన్ కమిటీ లేదు. ఆడేందుకు ఒక చోటు దొరికితే ఎవరైనా ఆడొచ్చు. వినడానికి ఎంత బాగుందో! కానీ ఆ స్వేచ్ఛకి బిల్లు మనమే కట్టాలి. విమానం, వీసా, హాలు, ఆగస్టులో ఆకాశాన్నంటే గది అద్దెలు, రోడ్డు మీద పాంప్లెట్లు పంచడం, అన్నీ మనవే. "ఫ్రింజ్‌కి సెలెక్ట్ అయ్యాను, స్పాన్సర్ చెయ్యండి" అని ఎవరన్నా మెసేజ్ పెడితే, అక్కడ సెలెక్షన్ ఉండదన్న సంగతి మీకిప్పుడు తెలుసు. వెళ్లొద్దని అనట్లేదు. ఇక్కడ నలభై, యాభై షోలు వేసి నాటకం గట్టిపడ్డాక వెళ్లండి.

పక్క ఊరు: అసలు జీవనాడి

మన సామెత ఉంది కదా, ఇంట గెలిచి రచ్చ గెలవమని. నేను దానికి ఒకటి కలుపుతాను. ఇంటికీ రచ్చకీ మధ్యలో ఒక బస్టాండ్ ఉంది. అదే పక్క ఊరు.

కర్ణాటకలో శివమొగ్గ జిల్లా హెగ్గోడు అని చిన్న పల్లె ఉంది. అక్కడ కె.వి. సుబ్బణ్ణ గారు నీనాసం అనే సంస్థ పెంచారు. 1985లో వాళ్లు తిరుగాట అని ఒక సంచార ట్రూపు మొదలుపెట్టారు. ఏటా నాటకాలు తయారు చేసుకుని నెలల తరబడి కర్ణాటక ఊళ్లన్నీ తిరుగుతారు. తిరుగాట అంటే తిరగడమే, మనకీ అర్థమయ్యే మాటే. దానివల్ల చిన్న ఊళ్లలో కూడా "ఈ ఏడాది నాటకాలు ఎప్పుడొస్తాయి?" అని ఎదురుచూసే అలవాటు తయారైంది. ట్రూపు తిరిగితే వచ్చే ఫలితం అది, ప్రేక్షకులు తయారవుతారు.

మనకి అలాంటి ఏర్పాటు సోలో వాళ్లకి లేదు. పరిషత్తులు ఉన్నాయి. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు నుంచి ఇప్పటిదాకా ఊరూరా పరిషత్తు పోటీలు జరుగుతున్నాయి, వాటి మీద నాకు చాలా గౌరవం. కానీ అవి ఎక్కువగా ట్రూపుల కోసం, నాటికల పోటీల కోసం ఉన్నవి. ఒక్కరే గంటంపావు ఆడతామంటే ఎక్కడ పెట్టాలో వాళ్లకి తెలీదు. "ఏకపాత్ర పదినిమిషాలు వెయ్యమ్మా" అంటారు. అందుకే మేం వేరే చోట్లు వెతుక్కుంటాం. కాలేజీ సెమినార్ హాలు, లైబ్రరీ, పెద్ద హాలున్న ఇల్లు, డాబా, యోగా క్లాసు నడిచే గది. హైదరాబాద్‌లో అయితే 2010 నుంచి లామకాన్ లాంటి చోటు ఉంది. నాలాంటివాళ్లు ఎంతమందో అక్కడే మొదలయ్యారు.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకి హైదరాబాద్ నుంచి హనుమకొండ వెళ్లాం అనుకోండి. సుమారు 145 కిలోమీటర్లు. నేను, లైటూ సౌండూ చూసే అబ్బాయి, ఇద్దరం. చోటు ఇచ్చినవాళ్లతో 70-30 మాట్లాడుకున్నాం. అంటే గేటు దగ్గర వచ్చినదాంట్లో 70 శాతం మాది, 30 వాళ్లది. యాభై మంది వచ్చారు, టికెట్ 150. మొత్తం 7,500. మా వాటా 5,250. ఖర్చులు చూడండి. ఇద్దరికీ రానూపోనూ బస్సు 1,200. తిండి 600. ఆటోలు 300. ఆపరేటర్‌కి 1,500. ఇస్త్రీ, పోస్టర్ల ప్రింటు 200. మొత్తం 3,800. నాకు మిగిలింది 1,450.

నవ్వొస్తోందా? ఆగండి. ఆ రాత్రి అక్కడే ఉండిపోయి, మర్నాడు పొద్దున ఒక కాలేజీలో ఇంకో షో వేస్తే? కాలేజీ 5,000 ఇచ్చిందనుకుందాం. బస్సు ఖర్చు ఇంక లేదు. గది 1,000, తిండి 600, ఆపరేటర్ 1,500. ఇంకో 1,900 మిగిలింది. వేన్నీళ్లకి చన్నీళ్లు. మొత్తం 3,350. అదీ కిటుకు. ఒక ప్రయాణానికి ఒక షో వేస్తే బస్సు కంపెనీకే లాభం. రెండు వేస్తే మనకీ కాస్త మిగులుతుంది. విజయవాడ వెళ్తే గుంటూరు, తెనాలి కలుపుకోవాలి. అన్నీ గంట, గంటన్నర దూరాలే. అందుకే నేను ఊరు ఒక్కటీ చూడను, గుత్తులు గుత్తులుగా చూస్తాను.

బెంగళూరు ఒక రాత్రి దూరం. అక్కడ తెలుగువాళ్లు బోలెడుమంది, నాటకం చూసే అలవాటూ ఉంది. 2004లో అరుంధతీ నాగ్ గారు కట్టిన రంగశంకర లాంటి థియేటర్ ఆ అలవాటుని పెంచింది. అక్కడ టైమ్ దాటితే ఎవరినీ లోపలికి పంపరు. మొదట్లో తిట్టుకున్నవాళ్లే ఇప్పుడు పావుగంట ముందొచ్చి కూర్చుంటున్నారు. శని, ఆదివారాల్లో చిన్న చోట తెలుగు నాటకం పెడితే, ఐటీలో పనిచేసే మన పిల్లలు వాళ్ల అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చినప్పుడు తీసుకొస్తారు. ఆ పెద్దవాళ్లు చూసే చూపు వేరండి. పరాయి ఊళ్లో తెలుగు మాట వింటే మొహం విచ్చుకుంటుంది.

నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నా. ఇలాంటి ట్రిప్పులు నెలకి నాలుగు చేసినా 13,400. హైదరాబాద్‌లో అద్దె కట్టి బతకడానికి అది చాలదు. మిగతాది వర్క్‌షాపులు, డబ్బింగు, స్కూల్లో డ్రామా క్లాసులు. చాలామంది ఇండిపెండెంట్ ఆర్టిస్టుల లెక్క ఇలాగే ఉంటుంది. కాబట్టి తమ్ముడూ, ఇంట్లో "ఫెస్టివల్స్‌కి తిరిగి సంపాదిస్తా" అని చెప్పొద్దు. "నాకు ఇంకో పని వచ్చు, దాంతో తింటాను. దీంతో నాలుగూళ్లు తిరిగి నాటకం నేర్చుకుంటాను" అని చెప్పు. అది నిజం, పైగా అమ్మానాన్న కాస్త వింటారు.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

చోటు ఇచ్చేవాళ్లని ఫోన్లో నాలుగు ప్రశ్నలు అడగండి. ప్లగ్ పాయింట్లు ఎక్కడున్నాయి? గది చీకటవుతుందా? పైన ఫ్యాన్ ఆపితే జనం కూర్చోగలరా? పక్కన ఫంక్షన్ హాలు ఉందా? ఈ చివరిది చిన్న విషయం అనుకోకండి. ఒక ఊళ్లో నా నాటకంలో తల్లి చనిపోయే సీన్ నడుస్తుంటే పక్కన బారాత్ బ్యాండు మొదలైంది. పది నిమిషాలు ఆగాను, ఏం చేస్తాం. పెళ్లివాళ్ల తప్పేం లేదు. ముహూర్తం చూసి షో పెట్టుకోవడం అప్పటి నుంచి అలవాటైంది.

గది ఫొటో, వీడియో తెప్పించుకోండి. మాట్లాడుకున్న డబ్బు వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గానైనా రాయించుకోండి. అమ్మాయిలైతే రాత్రి షో తర్వాత బస ఎక్కడ, అక్కడికి ఎవరు దింపుతారు అనేది ముందే తేల్చుకోండి. మొహమాటం వద్దు. నేనైతే బస్టాండ్‌కి అర్ధరాత్రి రెండింటికి దిగే బస్సు ఎప్పుడూ ఎక్కను. తెల్లారి అయిదున్నరకి దిగేది చూసుకుంటాను, ఇంకో రెండు గంటలు ఆలస్యమైనా సరే.

భాష, యాస కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లో పేలిన జోకు శ్రీకాకుళంలో పేలకపోవచ్చు. ఊళ్లోకి దిగాక టీ కొట్టు దగ్గర అరగంట కూర్చుని వినండి. ఒకటి రెండు మాటలు మార్చితే చాలు. యాసని వెక్కిరించడానికి మాత్రం వాడకండి, జనం వెంటనే పసిగడతారు.

మీరేం చెయ్యొచ్చు?

నాటకం వెయ్యనివాళ్లకి కూడా ఇందులో పని ఉంది. నిజానికి ఎక్కువ పని మీదే. ఒక ఆర్టిస్టు మీ ఊరు రావాలంటే కావాల్సింది ఏంటి? నలభై మంది కింద కూర్చోగల గది, ఒక ప్లగ్ పాయింట్, ఒక ప్లాస్టిక్ కుర్చీ, మీ వాట్సాప్ గ్రూపు. అంతే. మీ కాలేజీలో తెలుగు మేడమ్‌నో సార్‌నో అడగండి. మీ లైబ్రరీవాళ్లని అడగండి. ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉండే ట్యూషన్ సెంటర్ అయినా పర్లేదు. రాత్రి ఇంట్లో ఒక పూట భోజనం పెట్టగలిగితే ఆ ఆర్టిస్టు ఖర్చుల్లో పెద్ద భాగం మీరు మోసినట్టే.

చూడ్డానికి వెళ్తే టైమ్‌కి వెళ్లండి. షో మొత్తం రికార్డ్ చెయ్యకండి. చివర్లో ఫొటో తీసి పెట్టండి, ఊరి పేరు రాయండి. అది చూసే పక్క ఊరివాళ్లు పిలుస్తారు. "ఫ్రీ పాస్ ఉందా" అని అడిగే బదులు వంద రూపాయలు పెట్టండి. పైన లెక్క చూశారు కదా, ఆ వంద ఎక్కడికి వెళ్తుందో మీకు పైసాతో సహా తెలుసు.

రాజమండ్రిలో ఆ ధార్వాడవాళ్లు వదిలి వెళ్లిన పాక గురించి చెప్పాను కదా. ఎవరో వచ్చి ఆడి వెళ్లాక, ఆ చోటు ఉన్న ఊరివాళ్లు ఏం చేశారన్నది దాంట్లో అసలు విషయం. మీ ఊళ్లో ఒక షో పడితే, ఆ గదిలో రెండో షో ఎవరిది? మీ ఊరి పిల్లలదే కావచ్చు.

మీ ఊళ్లో అలాంటి గది ఉంటే కామెంట్‌లో ఊరి పేరు, ఎంతమంది పడతారు, ఈ రెండు రాయండి. ఫోన్ నంబర్లు మాత్రం పెట్టకండి, మేమే రిప్లై ఇస్తాం. వచ్చే ఎపిసోడ్‌లో ఇద్దరి బడ్జెట్‌తో ఇంట్లోనే లైటింగ్ ఎలా చేసుకోవాలో చూపిస్తాను. అప్పటిదాకా ఉంటాను మరి.